బిగిస్తే రాయి... వదిలితే వెన్న

రైతుబజారులో ఓ పావుగంట నిలబడి చూస్తే చాలు, గట్టిదనాన్ని పరీక్షించే ప్రయోగశాల అదేనేమో అనిపిస్తుంది. ఒకావిడ బెండకాయ కొన విరిచి చూస్తుంది. టక్కున విరిగితే లేత, వంగిందంటే ముదురు. ఇంకొకాయన మామిడిపండును బొటనవేలితో మెల్లగా నొక్కి, దుకాణదారు చూసేలోపు మళ్లీ బుట్టలో పెట్టేస్తాడు. పుచ్చకాయల బండి దగ్గర ఈ పప్పులుడకవు. అంత మందం తొక్కను నొక్కితే ఏం తెలుస్తుంది? అందుకే వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. కుండ కొనేటప్పుడూ అంతే. ఖణేల్‌మంటే మంచి కుండ, బొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టు. కోయకుండా, పగలగొట్టకుండా లోపలి గుట్టు తెలుసుకోవాలంటే మనిషికి తెలిసిన దారులు ఈ రెండే. నొక్కి చూడటం, కొట్టి వినడం.

డాక్టర్లూ ఇదే చేశారు. గడ్డ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, కడుపు బిగుసుకుందా అని చేత్తో నొక్కి చూడటం వైద్యం పుట్టిన నాటి నుంచీ ఉంది. ఛాతీ మీద వేళ్లతో కొట్టి వినే పద్ధతిని 1761లో ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ పుస్తకంగా రాశారు. ఆయన తండ్రి సత్రం నడిపేవారు. పీపాలో సారాయి ఏ మట్టం దాకా ఉందో తెలుసుకోవడానికి దాన్ని కొట్టి చూడటం ఆ ఇంట్లో మామూలే. పుచ్చకాయల బండికీ ఆసుపత్రికీ ఉన్న దూరం అనుకున్నంత ఎక్కువేం కాదు.

అయితే శరీరంలో ఒక భాగం దగ్గర ఈ పరీక్ష మొత్తం తారుమారవుతుంది. అది కండ. కాలేయం పొద్దున ఎంత గట్టిగా ఉందో సాయంత్రానికీ దాదాపు అంతే. కండ అలా కాదు. కన్ను మూసి తెరిచేలోగా మెత్తటిది కాస్తా గట్టిపడుతుంది, మళ్లీ మెత్తబడుతుంది. కావాలంటే ఎడమ చేతిని బల్ల మీద బోర్లా పెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక వైపు ఉన్న కండను తాకి చూడండి. ఇడ్లీలా మెత్తగా ఉంటుంది. ఇప్పుడు చూపుడువేలిని బొటనవేలి వైపు జరపబోతూ, అది కదలకుండా కుడిచేత్తో అడ్డుపెట్టండి. ఆ మెత్తటి కండే ఉబ్బి, సుపారీలా తగులుతుంది. వదిలేస్తే మళ్లీ ఇడ్లీ.

తెలుగువాళ్ల మాటల్లోనే ఈ తిరకాసు ఉంది. 'గట్టి మనిషి' అంటే పొగడ్త. 'ఒళ్లు గట్టిపడింది' అంటే కష్టపడి పనిచేసేవాడి లక్షణం. అదే నోటితో 'మెడ పట్టేసింది', 'పిక్క బిగుసుకుపోయింది' అని మూలుగుతాం. గట్టిదనం ఒక్కటే, ఒకచోట బలం, ఇంకోచోట జబ్బు. తేడా అంతా ఎప్పుడు గట్టిగా ఉందన్న దాంట్లోనే. పనిలో ఉన్నప్పుడు గట్టిపడాలి, పని అయిపోగానే మెత్తబడాలి. ఈ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే కండ అంత ఆరోగ్యం. ఇంతకాలం ఈ దూరాన్ని చేత్తో అంచనా వేయడమే తప్ప కొలిచే సాధనం లేదు. గత మూడు దశాబ్దాల్లో అది వచ్చింది. పేరు ఎలాస్టోగ్రఫీ. సాగే గుణాన్ని, గట్టిదనాన్ని బొమ్మగా తీసే విద్య అన్నమాట.

ఆ యంత్రం సంగతికి వెళ్లేముందు, కండ ఎందుకు గట్టిపడుతుందో చూడాలి. దీనికి ఖర్చు లేని ప్రయోగం ఒకటుంది. రెండు బొటనవేళ్లతో చెవులు మెల్లగా మూసుకుని, మోచేతులు పైకెత్తి, పిడికిళ్లు బిగించండి. దూరంగా ఎక్కడో లారీ వెళ్తున్నట్టు గుర్రుమని చప్పుడు వినిపిస్తుంది. పిడికిలి బిగించిన కొద్దీ పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అది రక్తం పారే శబ్దం కాదు, చేతి కండలు వణికే శబ్దం. ఇటలీకి చెందిన ఫ్రాన్చెస్కో గ్రిమాల్డి దీన్ని గమనించి రాశారు. ఆ పుస్తకం ఆయన చనిపోయాక 1665లో అచ్చయింది. 1810లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం హైడ్ వొలాస్టన్ ఈ చప్పుడును రాళ్లు పరిచిన వీధిలో బండ్లు వెళ్లే మోతతో పోల్చి, సెకనుకు ఇరవై, ముప్పై కంపనాలు ఉంటాయని లెక్కగట్టారు. పని చేస్తున్న కండ పైకి కదలకుండా కనిపించినా లోపల ఒక్క క్షణం కుదురుగా ఉండదు.

లోపల జరిగేది తాడులాగుడు పోటీ. కండలోని ప్రతి పోగులోనూ సన్నటి తంతువులు, లావు తంతువులు ఒకదాని మధ్యలోకి ఒకటి దూర్చినట్టు వరసగా ఉంటాయి. లావు తంతువుల నుంచి బయటికి పొడుచుకొచ్చిన మయోసిన్ అనే బుల్లి చేతులు, పక్కనున్న యాక్టిన్ అనే సన్న తంతువును పట్టుకుని లాగుతాయి. వదిలి, ఇంకాస్త ముందు పట్టుకుని, మళ్లీ లాగుతాయి. తంతువులు పొట్టివి కావు, ఒకదాని మీదుగా ఒకటి జారతాయి. 1954 మే 22 నాటి 'నేచర్' పత్రికలో రెండు బృందాలు ఈ సంగతిని పక్కపక్క వ్యాసాల్లో ప్రకటించాయి. ఒకదాంట్లో ఆండ్రూ హక్స్‌లీ, మరోదాంట్లో హ్యూ హక్స్‌లీ ఉన్నారు. ఇంటిపేరు ఒకటే కానీ ఇద్దరికీ చుట్టరికం లేదు!

పట్టుకున్న చేతులు ఎన్ని ఎక్కువైతే కండ అంత గట్టిగా తగులుతుంది. రెండు గోడల మధ్య నాలుగు కర్రలు కాక నాలుగు వందల కర్రలు దన్ను పెట్టినట్టు. పని లేనప్పుడు దాదాపు అన్ని చేతులూ పట్టు వదిలేస్తాయి. అప్పుడు మిగిలే కొద్దిపాటి బిగువు టైటిన్ అనే స్ప్రింగు లాంటి ప్రొటీనుది, పోగుల చుట్టూ ఉండే సన్నటి పొరలది.

ఇక్కడే చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంటుంది. బిగించడానికే శక్తి కావాలి, వదలడానికి ఏం కావాలి అని. నిజానికి పట్టు విడవడానికి కూడా ఇంధనం కావాలి. మయోసిన్ చెయ్యికి ఏటీపీ అనే అణువు వచ్చి తగిలితేనే అది తంతువును వదులుతుంది. మనిషి చనిపోయిన కొన్ని గంటలకు శవం కొయ్యబారేది అందుకే. ఏటీపీ అయిపోయింది, పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే బిగిసిపోయాయి. తర్వాత ప్రొటీన్లే చివికిపోతే గానీ ఆ బిగువు సడలదు.

ఆ ఏటీపీని కండలో కనుగొన్న కథలో మన భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, కండలో దాగి ఉన్న ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కండ పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి నమ్మకం ఈ ఫలితాలతో కదిలిపోయింది. సుబ్బారావు పేరు చెప్పగానే అందరూ ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ మందుల గురించే మాట్లాడతారు. పొద్దున లేచి మనం కాళ్లు చాపుకోగలగడానికి కారణమైన అణువు దగ్గరా ఆయన చేతిముద్ర ఉందన్నది పెద్దగా ఎవరూ తలచుకోరు.

సరే, గట్టిదనాన్ని కొలవాల్సిన అవసరం ఏమొచ్చింది? చేత్తో పట్టుకు చూస్తే తెలియదా? తెలుస్తుంది. చిక్కల్లా ఆ తెలిసింది ఇంకొకరికి ఎలా చెప్పాలన్నదే.

పక్షవాతం వచ్చిన పెద్దాయన్ను తీసుకోండి. మొదట చెయ్యి వాలిపోయినట్టు ఉంటుంది. కొన్ని వారాలకు మోచెయ్యి ముడుచుకుపోయి, పిడికిలి బిగుసుకుంటుంది. చొక్కా తొడగాలంటే ఇంట్లో ఇద్దరు కావాలి. ఫిజియోథెరపిస్టు వచ్చి మోచేతిని మెల్లగా చాపుతారు. "ఈ వారం కొంచెం వదులైంది బాబాయిగారూ" అంటారు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. నిజంగా వదులైందా? పోయిన వారం వచ్చినాయన వేరు, ఈ వారం వచ్చినాయన వేరు అయితే? 1964లో బ్రయాన్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు ఇలాంటి బిగువుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టారు. 1987లో దాన్ని కాస్త సవరించారు. ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్నది అదే. మంచి పద్ధతే, కానీ మార్కులు వేసేది చెయ్యి. ఒకరి చేతికి రెండు అనిపించింది ఇంకొకరికి ఒకటిన్నర అనిపించవచ్చు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ మోచెయ్యి ఎందుకు చాపుకోవడం లేదు? మెదడు అదుపు తప్పడంతో నరం ఊరకుండక కండను బిగించమని చెబుతూ ఉండవచ్చు. లేదా నెలల తరబడి ముడుచుకునే ఉండటంతో కండే పొట్టిదై, నారలా గట్టిపడిపోయి ఉండవచ్చు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మొదటిదైతే బొట్యులినమ్ ఇంజెక్షన్ లాంటివి పనిచేస్తాయి. రెండోదైతే ఆ ఇంజెక్షన్ ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం అంతంతమాత్రం. సాగదీయడం, పట్టీలు కట్టడం, కొందరికి ఆపరేషన్. పట్టుకు చూసే చేతికి రెండూ ఒకేలా తగులుతాయి.

ఇంకో ఇల్లు. నాలుగేళ్ల పిల్లాడు. పిక్కలు బలంగా, గుండ్రంగా ఉంటాయి. 'పహిల్వాను కాళ్లు, దిష్టి తగులుతుంది' అని నాయనమ్మ మురిసిపోతూ ఉంటుంది. కానీ వాడు పరుగెత్తితే పడిపోతున్నాడు. నేల మీద నుంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు వేసుకుని, తన ఒంటి మీద తానే పాకుతున్నట్టు లేస్తున్నాడు. అది డుషెన్ కండర క్షీణత అయి ఉండవచ్చు. దాదాపు మగపిల్లల్లోనే వచ్చే జబ్బు, సుమారు ఐదు వేల మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుందని అంచనా. ఆ పిక్కలు లావయింది కండ పెరిగి కాదు. కండ పోగులు చచ్చిపోతుంటే ఆ చోటంతా కొవ్వుతో, నార లాంటి కణజాలంతో నిండి. పట్టుకుంటే గట్టిగానే ఉంటుంది. ఎప్పుడు పట్టుకున్నా గట్టిగానే ఉంటుంది, అదే ఆ జబ్బు. దానికి తన పేరు మిగిల్చిన ఫ్రెంచి వైద్యుడు గియోమ్ డుషెన్ 1860ల్లో, ఆపరేషన్ లేకుండా కండ ముక్క బయటికి తీయడానికి ప్రత్యేకంగా ఒక సూది తయారు చేయించారు. జబ్బు ఉందా లేదా అన్నది ఇప్పుడు జన్యు పరీక్ష చెబుతుంది. కానీ ఈ ఏడాది ఆ కండ ఎంత పాడైంది, ఇస్తున్న మందుకు ఏమైనా నెమ్మదించిందా అన్నది తెలియాలంటే? పసివాడి కాలిలోకి మాటిమాటికీ సూది దించలేరు కదా.

కొలిచే దారి మళ్లీ రైతుబజారు దగ్గరే దొరికింది. 1991లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జొనాథన్ ఓఫిర్ బృందం మామిడిపండు పద్ధతి పట్టుకుంది. అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఒకటి మామూలుగా, ఇంకొకటి పైనుంచి కొద్దిగా నొక్కి తీసి, రెంటినీ పోల్చి చూడటం. మెత్తటి భాగం ఎక్కువ నలుగుతుంది, గట్టి భాగం తక్కువ. ఎలాస్టోగ్రఫీ అన్న పేరు పెట్టింది వాళ్లే. కానీ ఎంత బలంతో నొక్కారన్నది లోపల ఎక్కడికక్కడ తెలియదు కాబట్టి, పక్కదానికన్నా ఇది గట్టి అని చెప్పగలరే తప్ప ఇంత గట్టి అని అంకె చెప్పలేరు.

అంకె కావాలంటే కొట్టి వినే పద్ధతికి రావాలి. పెరట్లో బట్టలారేసే తాడును ఒక చివర వేలితో మీటండి. తాడు వదులుగా ఉంటే అల నిదానంగా పాకుతుంది. బిర్రుగా ఉంటే రివ్వున ఆ చివరికి పోతుంది. ఒంట్లోనూ ఇలాంటి అడ్డ అలలు పుడతాయి. కండలో మామూలు శబ్దం సెకనుకు 1,500 మీటర్లకు పైగా వేగంతో పోతుంటే, ఈ అడ్డ అల నత్తనడక నడుస్తుంది. విశ్రాంతిలో ఉన్న కండలో సెకనుకు రెండు మూడు మీటర్లు, అంటే మనిషి గబగబా నడిచినంత. కండ బిగిసిన కొద్దీ పరుగు అందుకుంటుంది. ఆ వేగం తెలిస్తే గట్టిదనం లెక్కకు వచ్చినట్టే. వేగం రెట్టింపయితే గట్టిదనం నాలుగింతలు. అల సెకనుకు రెండు మీటర్లు పోతే గట్టిదనం సుమారు 4 కిలోపాస్కల్స్, నాలుగు మీటర్లయితే 16, ఆరయితే 36. హైస్కూలు పిల్లలు కూడా వేయగల లెక్క.

మరి ఒంట్లో పాకే అలను చూడటం ఎలా? 1995లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో దీనికి దారి చూపించారు. ఆ వ్యాసం మొదటి రచయిత రాజా ముత్తుపిళ్లై, బృందానికి పెద్ద రిచర్డ్ ఎమన్. పరీక్షించే వస్తువును కంపింపజేస్తూ, ఆ కంపనానికి తాళం తప్పకుండా ఎమ్మారై స్కానింగ్ తీస్తారు. 200 నానోమీటర్ల కన్నా తక్కువ కదలికను కూడా ఆ స్కానింగ్ పట్టుకుంది. తలవెంట్రుక మందంలో మూడు వందల వంతు కన్నా తక్కువన్నమాట! చెరువులో రాయి వేస్తే లేచే తరంగాల్లా తెర మీద చారలు కనిపిస్తాయి. చారలు దగ్గర దగ్గరగా ఉంటే మెత్తన, ఎడంగా ఉంటే గట్టి. ఆ వరసలోనే 2001లో మనిషి జబ్బ కండ మీద ప్రయత్నించారు. చేతితో మోసే బరువు పెరిగిన కొద్దీ చారలు ఎడమయ్యాయి. మరుసటి ఏడాది కాళ్ల మీద చేసిన అధ్యయనంలో, నరాల, కండరాల జబ్బులున్న వారి కండలు విశ్రాంతిలోనే ఆరోగ్యవంతుల కండల కన్నా గట్టిగా ఉన్నాయని అంకెలతో తేలింది. ఫిజియోథెరపిస్టుల చేతులకు ఎప్పటి నుంచో తెలిసిన మాటే, కానీ అంకె రావడం వేరు.

ఎమ్మారైతో ఇబ్బంది ఒకటుంది. సొరంగంలో పడుకుని, బొమ్మ పూర్తయ్యే దాకా కండను ఒకే తీరున బిగించి ఉంచాలి. ఆరోగ్యవంతుడికే చెయ్యి వణుకుతుంది, ఇక జబ్బు మనిషి సంగతి చెప్పేదేముంది. మామూలు అల్ట్రాసౌండుతో చేద్దామా అంటే దానికి వేగం చాలదు. సెకనుకు 50 బొమ్మలు తీస్తుందనుకుంటే ఒక్కో బొమ్మకు 20 మిల్లీసెకన్లు. సెకనుకు 5 మీటర్ల అల 4 సెంటీమీటర్ల కండను దాటడానికి పట్టేది 8 మిల్లీసెకన్లు. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్యే అల వచ్చి వెళ్లిపోతుంది.

పారిస్‌లో మథియాస్ ఫింక్ ప్రయోగశాల ఈ ముడి విప్పింది. జెరెమీ బెర్కాఫ్, మిఖాయెల్ టాంటర్, ఫింక్ 2004లో ప్రకటించిన పద్ధతి వినడానికి కాస్త సినిమా ట్రిక్కులా ఉంటుంది. బయట కంపించే పరికరం ఏదీ ఉండదు. స్కానింగ్ ప్రోబే శబ్దాన్ని లోపల ఒక బిందువు మీదికి గురిపెట్టి చిన్న తోపు తోస్తుంది. వెంటనే ఇంకాస్త లోతున ఇంకో తోపు, ఇంకో తోపు. ఈ తోపులు అడ్డ అలకన్నా వేగంగా కిందికి దిగుతాయి కాబట్టి, శబ్దవేగాన్ని దాటిన విమానం వెనక మోత పోగయినట్టు అలలన్నీ పోగై బలంగా లేస్తాయి. ఆ తర్వాత అదే ప్రోబు సెకనుకు కొన్ని వేల బొమ్మల చొప్పున తీసి ఆ అల ఎటు ఎంత వేగంగా పోయిందో చూస్తుంది. పడుకున్న మనిషికి తెలిసేది చల్లటి జెల్లు, చర్మం మీద ప్రోబు, అంతే. సుమారు సెకనుకో రంగుల పటం తెర మీదికి వస్తుంది. ఎక్కువ యంత్రాల్లో మెత్తటి చోటు నీలం, గట్టి చోటు ఎరుపు. అన్ని కంపెనీలూ ఇదే రంగులు వాడితే బాగుండేది. కొన్నింట్లో తలకిందులుగా ఉంటుంది!

కండను బిగిస్తున్నప్పుడే చూసే వీలు దీంతో కలిగింది. ఫ్రాన్స్‌లోని నాంత్‌లో అంటువాన్ నోర్దేజ్, ఫ్రాన్స్వా యుగ్ 2010లో జబ్బ కండ మీద ఈ పద్ధతి వాడి, కండ ఎంత చురుగ్గా పనిచేస్తే గట్టిదనం అంతగా పెరుగుతుందని చూపించారు. తర్వాతి ఏడాది ఆ బృందమే చేతి కండల దగ్గరికి వచ్చింది. ఇందాక బల్ల మీద చెయ్యి పెట్టి చూసుకున్న ఆ ఇడ్లీ కండే వాటిలో ఒకటి. అది ఎంత బలం పెడితే గట్టిదనం అంత తిన్నగా పెరిగింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మోకాలిని నాలుగు కండలు కలిసి చాపుతాయి. బలం కొలిచే యంత్రం నాలుగింటి మొత్తమే చెబుతుంది. కండ మీద తీగలు అంటించి తీసే ఈఎమ్‌జీ పరీక్ష, నరం ఎంత గట్టిగా ఆజ్ఞ ఇచ్చిందో చెబుతుందే కానీ కండ ఆ ఆజ్ఞను ఎంత మేరకు పాటించిందో చెప్పదు. అలసిపోయిన కండకు నరం గొంతు పెంచి అరుస్తూనే ఉంటుంది, కండ మాత్రం అంత బలం ఇవ్వలేదు. ఏ కండ నిజంగా ఎంత లాగుతోందన్నది విడిగా చూపే సాధనం ఇంతకుముందు లేదు.

ఆ ఫ్రెంచి బృందమే డుషెన్ జబ్బున్న వారినీ పరీక్షించింది. 2015లో వెలువడిన ఆ ఫలితాల్లో, విశ్రాంతిలో ఉన్న కండలు చాలావరకు ఆరోగ్యవంతుల కండల కన్నా గట్టిగా ఉన్నాయి. తర్వాత పన్నెండు నెలల పాటు మార్పును కూడా గమనించారు. సూది లేదు, కోత లేదు.

ఇంత బాగుంటే ప్రతి ఊళ్లో ఎందుకు చేయడం లేదన్న ప్రశ్న వస్తుంది. నిజానికి ఈ విద్యకు చెందిన పరీక్ష చాలా కుటుంబాలకు తెలిసిందే. కాలేయం గట్టిపడిందా అని చూసే ఫైబ్రోస్కాన్ దీని తోబుట్టువే. కాలేయం దగ్గర ఇది స్థిరపడింది, ఏ అంకె దాటితే జాగ్రత్త పడాలో డాక్టర్ల దగ్గర లెక్కలున్నాయి. కండ దగ్గర అంత నిలకడ ఇంకా రాలేదు. కారణం యంత్రం కాదు, కండే.

కండకు చెక్కకున్నట్టు పోగు దిశ ఉంటుంది. గొడ్డలి పోగు వెంట దిగినంత తేలిగ్గా అడ్డంగా దిగదు. అలా కూడా అంతే, పోగు వెంట వేగంగా, అడ్డంగా నిదానంగా పోతుంది. ప్రోబు కాస్త పక్కకు తిరిగితే అదే కండ మెత్తనైపోతుంది. ప్రోబును అదిమిపెట్టి పట్టుకుంటే కండ నలిగి గట్టిగా చూపిస్తుంది. మోకాలు వంచి తీస్తే ఒక అంకె, చాపి తీస్తే ఒక అంకె, ఎందుకంటే సాగిన కండ సహజంగానే బిర్రెక్కుతుంది. ఒక కంపెనీ యంత్రంలో వచ్చిన అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చితే తప్పులో కాలేసినట్టే. ఎవరైనా ఈ పరీక్ష చేయించుకుంటే రిపోర్టులో అంకె ఒక్కటే చాలదు. కాలు ఏ కోణంలో పెట్టారు, ఏ యంత్రం, కండ వదిలేసి ఉందా బిగించి ఉందా అన్నదీ రాయించుకోవాలి. రెండోసారికి అవన్నీ అలాగే ఉంటేనే తేడాకు అర్థం. జిమ్ములో మసాజు చేయడానికి ముందూ తర్వాతా రంగుల బొమ్మ చూపించి డబ్బు తీసుకునేవాళ్లు ఎక్కడైనా తగిలితే, ఇవి అడిగితే చాలు.

అన్నింటికన్నా కష్టం ఇంకొకటి. పరీక్ష గదిలో అందరికీ వినిపించే మొదటి మాట "చెయ్యి పూర్తిగా వదిలెయ్యండి" అన్నది. వదిలేశాననే అనుకుంటారు అందరూ. తెర మాత్రం ఒప్పుకోదు. ఇంటి దగ్గర తాళం వేశామో లేదో గుర్తొస్తే చాలు, భుజం తెలియకుండానే కొద్దిగా లేస్తుంది, నీలంలో పసుపు మరక తేలుతుంది. పరీక్ష చేసేవారు ప్రోబు పక్కన పెట్టి, చెయ్యి కింద దిండు సర్ది, ఊరూ పేరూ అడుగుతూ కాసేపు కబుర్లు చెబుతారు. రెండు మూడు నిమిషాలయ్యాక మళ్లీ జెల్లు రాసి చూస్తారు. అప్పుడు తెర మెల్లగా నీలమవుతుంది.